మిల్లీమీటరు గారి రైలింజను

పంపుల ఫ్యాక్టరీలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైన ఆయన, తన చేత్తో ఒక్క వస్తువు చేసి ఎరగడు. ఆయన పని చెయ్యడం కాదు, ఇతరులు చేసినవాటికి వంకలు పెట్టడం. జీతమిచ్చి మరీ పెట్టించుకునే వంకలు కాబట్టి దానికి ఇన్‌స్పెక్షన్ అని గౌరవంగా పేరుండేది. లేతు మీద తయారైన ప్రతి షాఫ్టూ, ప్రతి బుష్షూ ఆయన బల్ల మీదికి రావలసిందే. ఆయన కళ్ళజోడు సర్దుకుని, మైక్రోమీటరు అందుకుని, ముక్కను దాని దవడల మధ్య పెట్టి, పిడిని కిర్రు కిర్రుమని మూడుసార్లు తిప్పి, "పాస్" అనో "తిరగ్గొట్టు" అనో అనేవాడు. ఆ బల్ల దగ్గర ఆయన నోట మూడో మాట విన్నవాళ్ళు లేరు.

మిల్లీమీటరులో నూరో వంతును ఆ షాపులో పాయింటు అనేవారు. ఒక్క పాయింటు తేడా వచ్చినా ఆయన తిరగ్గొట్టేవాడు కనక షాపు ఆయనకు "మిల్లీమీటరు" అని పేరు పెట్టింది. నిజానికది ఆయన్ని తక్కువ చేసిన పేరు. ఆయన దృష్టిలో మిల్లీమీటరంటే ఫుట్‌బాల్ మైదానం.

తన, పర అన్న తేడా ఆయనకు లేదు. మేనేజరు చుట్టం చేసిన బుష్షు తిరగ్గొట్టాడు, తన పక్కన కూచుని భోంచేసేవాడి షాఫ్టు తిరగ్గొట్టాడు. ముక్కుసూటి మనిషని అందరూ అనేవారు. అంత సూటిగా పోయేవాడికి పక్కనేముందో కనపడదని మాత్రం ఎవరూ ఆయన మొహం మీద అనలేదు. అనే ధైర్యం ఎవరికుంది?

ఆయన రిటైరైన రోజున షాపువాళ్ళంతా కలిసి ఒక బరువైన పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టారు. అందులో ఆవిరి రైలింజను తయారుచేసుకునే సామాను ఉంది, అంతా లోహమే. పూర్తయితే ఇంజను మూరెడు పొడుగుంటుంది, కానీ బొమ్మ కాదు. బాయిలరులో నీళ్ళు పోసి కింద మంట పెడితే ఆవిరితో నడవాలి. ఈ ఆలోచన డ్రిల్లింగ్ మిషన్ మీద పనిచేసే వేళాకోళం మనిషిది.

"ఇన్నేళ్ళూ మేం చేస్తే మీరు వంకలు పెట్టారు. ఇప్పుడు మీరు చెయ్యండి, మేం పెడతాం," అన్నాడతను. షాపు షాపంతా పగలబడి నవ్వింది.

మిల్లీమీటరు నవ్వలేదు. ఆయనకు వేళాకోళం అర్థమయ్యేది కాదు, లేదా అర్థమైనా కొలతకు అందేది కాదు. "రెండేళ్ళు టైమివ్వండి. మీ అందరి ముందూ నడిపించి చూపిస్తాను," అన్నాడు. అన్నాక మరి అన్నట్టే.

ఇంట్లో ముందుగది కిటికీ పక్క బల్ల ఆయన వశమైంది. దాని మీద ఉండే వాళ్ళావిడ కుట్టుమిషను పడగ్గదిలోకి వలస పోయింది. పెట్టెలో పదకొండు అరలు, నాలుగువందల అరవై రెండు ముక్కలు. స్టీలు పట్టీలు, రాగి బాయిలరు, పోతఇనుము సిలిండర్లు, ఇత్తడి కడ్డీలు, చీమ తలకాయంత మరలు. వాటితో పాటు మైనపుకాగితంలో చుట్టిన ఒక పుస్తకం, మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా ఎలా బిగించాలో బొమ్మలతో.

ఎవరైనా అయితే మొదటి బొమ్మ చూసి మొదటి మర బిగిస్తారు. ఈయన ముందు రూళ్ళ పుస్తకం ఒకటి తెచ్చి, నాలుగువందల అరవై రెండు ముక్కలూ కొలవడం మొదలుపెట్టాడు. దానికి ఎనిమిది నెలలు పట్టింది. పందొమ్మిది ముక్కల్ని కంపెనీకి తిరగ్గొట్టాడు, ఒక్కోదానికీ ఒక్కో ఉత్తరం జత చేసి. కంపెనీవాళ్ళు మొదట్లో విచారం వెలిబుచ్చారు, తర్వాత ఆశ్చర్యం వెలిబుచ్చారు, చివరికి ఏమీ వెలిబుచ్చకుండా కొత్త ముక్కలు పంపించేశారు.

"ఏమండీ, ఇంజను చేస్తున్నారా, దానికి ఇంటర్వ్యూ చేస్తున్నారా?" అనేది ఆవిడ.

ఆవిడ వేళాకోళమాడేది గాని మనసులో ఒక బరువు మోస్తూ ఉండేది. ఆవిడ తమ్ముడు నాలుగు వీధుల అవతల కాపురముంటున్నాడు. పదకొండేళ్ళుగా అక్క గడప తొక్కలేదు. ఆవిడే వారానికోసారి వెళ్ళి చూసి వచ్చేది. వచ్చాక అక్కడి కబుర్లు ఇక్కడ చెప్పేది కాదు, ఇక్కడివి అక్కడ చెప్పేది కాదు.

ఆ సంగతి చెప్పాలి. తమ్ముడూ ఆ ఫ్యాక్టరీలోనే లేతు మీద ఉండేవాడు. షాపులో అతన్ని మించిన పనివాడు లేడని పేరు. ఫోర్‌మన్ పోస్టు ఖాళీ అవుతోంది, అది అతనికేనని అందరూ అనుకుంటున్న రోజులవి. అప్పుడే ఫ్యాక్టరీకి మొట్టమొదటిసారి వేడినీళ్ళ పంపులకు ఆర్డరు వచ్చింది, నలభై పంపులు. డ్రాయింగులు తయారుచేసే ఆఫీసువాళ్ళు కొత్తది గీసే ఓపిక లేక, చన్నీళ్ళ పంపు డ్రాయింగునే మళ్ళీ కిందికి పంపించారు. తమ్ముడు ఆలోచించి, నలభై షాఫ్టుల్నీ డ్రాయింగులో ఉన్నదానికంటే మూడేసి పాయింట్లు సన్నంగా తీశాడు. వేడికి షాఫ్టు చుట్టూ ఉండే బుష్షు బిగుసుకుంటుంది, ఆ ఖాళీ లేకపోతే షాఫ్టు పట్టేస్తుందని అతని లెక్క.

షాఫ్టులు మిల్లీమీటరు బల్ల మీదికి వచ్చాయి. మొదటిదాన్ని కొలిచి, "తిరగ్గొట్టు," అన్నాడు.

"బావా, ఇవి వేడినీళ్ళకి కదా, అందుకని..."

"డ్రాయింగులో వేడి లేదు. ఇక్కడ బావా అనకు."

రెండోది, "తిరగ్గొట్టు." మూడోది, "తిరగ్గొట్టు." వరసగా నలభై. మూడు కొలిచాక అన్నీ అంతేనని ఎవరికైనా తెలిసిపోతుంది. కానీ ఈయన కొలవకుండా ఏదీ తిరగ్గొట్టే మనిషి కాడు, అది అన్యాయం కదా. మిషన్లు ఆపి అందరూ చూస్తూ నిలబడ్డారు. తమ్ముడు చేతిలో నూనెగుడ్డ నలుపుతూ నలభయ్యోది అయ్యేదాకా అక్కడే ఉన్నాడు. ఆ నెలాఖరున ఫోర్‌మన్ పోస్టు మిల్లింగ్ మిషన్ మీద పనిచేసే ఆయనకి వెళ్ళింది. నలభై షాఫ్టులు తుక్కు చేసినవాడికి ఫోర్‌మన్ పోస్టేమిటని మేనేజరు అన్నాడట. ఏడాది తిరక్కుండా తమ్ముడు ఉద్యోగం మానేసి, రేకుల షెడ్డులో ఒక పాత లేతు పెట్టుకున్నాడు.

ఆనాటి నుంచి బజారులో ఎదురుపడితే "బాగున్నారా బావగారూ" అంటాడు. అంతకు ముందు "ఏం బావా, ఎక్కడికి పోతున్నావ్" అని భుజం మీద చెయ్యేసేవాడు. ఆ మీరూ, ఆ గారూ మిల్లీమీటరుకి తిట్టినట్టే ఉండేవి. అయినా, తన పని తాను చేశాను, ఇందులో తన తప్పేముందని పదకొండేళ్ళూ నిబ్బరంగానే ఉన్నాడు. ఆవిడ ఒకటి రెండుసార్లు కదిపి చూసింది. "డ్రాయింగు డ్రాయింగే," అన్నాడు. ఇక ఆవిడ కదపడం మానేసింది.

తొమ్మిదో నెలలో ఇంజను పని మొదలైంది. మొదలయ్యాక గాని ఆయనకు తెలియలేదు, తనకు కొలవడం తప్ప ఇంకేమీ రాదని. ఆకురాయి పట్టుకుంటే అది ఒకవైపుకి లాగేది. చక్రాల్ని కలిపే కడ్డీ ఒకటి నున్నగా చెయ్యబోయి వంకర చేశాడు. దాన్ని మైక్రోమీటరుతో కొలిచి, నిజాయితీగా తనకు తానే "తిరగ్గొట్టు" అని చెప్పుకుని, కంపెనీకి ఇంకోటి పంపమని రాశాడు. అదే కడ్డీ అయిదుసార్లు. టంకం పెట్టబోతే వేళ్ళు కాలాయి. ఒక మర కింద పడితే పొద్దంతా నేల మీద పాకాడు, ఆవిడ చీపురుతో వచ్చి ఒక్క ఊడ్పులో దాన్ని బయటికి తీసింది.

మధ్యాహ్నాలు బల్ల ముందు కూచుని, తన చేతిలోని ముక్కను చూసుకుంటూ ఒక్కోసారి ఆగిపోయేవాడు. ఇంత కష్టపడి చేసినదాన్ని ఎవడో బల్ల వెనక కూచుని రెండు సెకన్లలో తోసేస్తే ఎలా ఉంటుంది? ఈ ప్రశ్న వచ్చేది, వచ్చిన దారినే పోయేది. దాన్ని కూచోబెట్టి మాట్లాడే అలవాటు ఆయనకు లేదు.

రెండో ఏడు సగమయ్యేసరికి ఇంజను ఇంజనులా కనపడసాగింది. చక్రాలు నిలిచాయి, బాయిలరు ఎక్కింది, పొగగొట్టం లేచింది. మిగిలింది పిస్టన్లు. సిలిండరులో ముందుకీ వెనక్కీ ఆడుతూ చక్రాన్ని తిప్పేది పిస్టనే కదా. సిలిండరు పోతఇనుము, పిస్టను ఇత్తడి. పిస్టన్ని కొంచెం లావుగానే పంపిస్తారు, దాన్ని మనం సరిపోయేలా అరగదీసుకోవాలి. పుస్తకంలో రాశారు: "నున్నటి ఎమెరీ కాగితంతో రుద్దండి, సిలిండరులో సులువుగా జారేవరకు."

ఆయన ఆ వాక్యం దగ్గర ఆగాడు. మర్నాడు కూడా అక్కడే ఉన్నాడు. సులువుగా అంటే ఎంత? ఎన్ని పాయింట్లు? కంపెనీకి ఉత్తరం రాశాడు. పదిరోజులకి జవాబొచ్చింది: "చేతికి తెలుస్తుందండీ."

ఆయనకు ఒళ్ళు మండిపోయింది. "చేతికి తెలిసేదైతే మైక్రోమీటరు కనిపెట్టినవాడు పనిలేక కనిపెట్టాడా!" అని ఇంట్లో అటూ ఇటూ తిరిగాడు. కొలత చెప్పలేనివాళ్ళకి పని రాదని ఆయన ఎప్పుడో తేల్చుకున్నాడు. అందుకని కొలత తానే పెట్టుకున్నాడు. ఖాళీ ఎంత తక్కువుంటే పనితనం అంత ఎక్కువ కదా. అర పాయింటు చాలన్నాడు. తలవెంట్రుకలో పదమూడో వంతో, పద్నాలుగో వంతో ఉంటుందది.

మూడు వారాలు రుద్దాడు. ఒక రుద్దు, ఒక కొలత. చివరికి నూనె తుడిచి సిలిండరు నిలబెట్టి పిస్టన్ని పైన వదిలితే, తన బరువుకి తానే, ఎవరో లోపల చెయ్యి పట్టుకుని దింపుతున్నట్టు మెల్లగా కిందికి దిగింది. ఆయన ఆవిడను వంటింట్లోంచి పిలిచి చూపించాడు. ఏడుసార్లు చూపించాడు. ఆవిడకు మొదటిసారి నచ్చింది, మిగతా ఆరుసార్లు పొయ్యి మీదున్నది మాడుతుందేమోనని చూసింది.

సైకిలు పంపుతో గాలి కొట్టి చూస్తే చక్రాలు పట్టులా తిరిగాయి. గడువుకి ఇంకా రెండు వారాలుంది. షాపువాళ్ళకి కార్డులు రాసేశాడు, ఫలానా ఆదివారం పదిగంటలకి రమ్మని.

ఆదివారం ఇంకా తొమ్మిది రోజులుందనగా పొద్దున్నే వెనక వరండాలో బాయిలరు నింపి, స్పిరిట్ దీపం వెలిగించాడు. ఆవిడ చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడింది. నీళ్ళు కాగాయి, ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు లేచింది, ఆయన వాల్వు తిప్పాడు. చక్రం ఒక చుట్టు తిరిగింది, రెండు, మూడు, నాలుగు. అయిదో చుట్టు సగంలో ఆగిపోయింది. వేలితో తోస్తే కదల్లేదు, ఉడుంపట్టు పట్టింది.

దీపం ఆర్పాడు. అరగంటకి చల్లారాక వేలితో తోస్తే హాయిగా తిరిగింది. మళ్ళీ వెలిగించాడు. నాలుగు చుట్లు, ఆగిపోయింది. మూడోసారి లోపల కీచుమని ఒక చప్పుడు వచ్చింది. ఈసారి చల్లారాక కూడా కదల్లేదు.

"ఏమైందండీ?" అంది ఆవిడ.

"వేడెక్కింది," అన్నాడాయన. "వేడికి ఇత్తడి పెరుగుతుంది. ఇనుము అంత పెరగదు. ఖాళీ చాల్లేదు."

ఆ మాట అనేసి, తన మాట తానే విన్నవాడిలా ఉండిపోయాడు. వేడికి పెరుగుతుందని బళ్ళో చదువుకున్న ఏ పిల్లకైనా తెలుసు. ఆయనకూ తెలుసు. తెలిసీ పదకొండేళ్ళ కిందట, "ఇవి వేడినీళ్ళకి కదా" అని బావమరిది మొదలుపెట్టిన మాటని చివరిదాకా పోనివ్వలేదు.

ఇంకొకటి గుర్తొచ్చింది. అది ఇంకా అన్యాయంగా ఉంది. ఆ సంగతి జరిగిన మరుసటి ఏడు వేడినీళ్ళ పంపుకి కొత్త డ్రాయింగు వచ్చింది. డ్రాయింగు నంబరు పాతదే, చివర ఒక అక్షరం తగిలించారు. అందులో షాఫ్టు మూడు పాయింట్లు సన్నం. ఆ డ్రాయింగు గోడకి అంటించుకుని, రిటైరయ్యేదాకా ఎనిమిదేళ్ళ పాటు, కొన్ని వందల షాఫ్టుల్ని ఆయన తన నోటితో "పాస్" అన్నాడు. సరిగ్గా బావమరిది తీసిన కొలతే. ఒక్కరోజు కూడా ఆయనకు తట్టలేదు. డ్రాయింగు మారింది, ఆయన దాన్నిబట్టి మారాడు, అంతే. ఎందుకు మారిందని అడగడం ఇన్‌స్పెక్షన్ పని కాదు.

ఆయనకు సిగ్గేసింది. అరవయ్యేళ్ళు దాటిన మనిషి, వెనక వరండాలో ముక్కాలిపీట మీద, చెవులదాకా ఎర్రబడి కూచున్నాడు. మధ్యాహ్నం భోజనం సగంలో లేచాడు.

మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ, గోడ వైపు చూస్తూ, "మీ తమ్ముడు షెడ్డు ఎన్నింటికి తెరుస్తాడు?" అన్నాడు.

ఆవిడ చేతిలో గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. "తొమ్మిదికి," అంది. ఎందుకని అడగలేదు. అడిగితే మనసు మార్చుకుంటాడేమోనని భయం.

షెడ్డు ముందు ఇనప రజను కుప్పలుగా పోసి ఉంది. లోపల లేతు నడుస్తోంది, తడిసిన ఇనుము వాసన. తమ్ముడు తలెత్తి చూసి, మిషను ఆపి, చేతులు తుడుచుకున్నాడు. కణతల దగ్గర జుట్టు బాగా నెరిసింది. రోడ్డు మీద చూస్తే ఇంత నెరిసినట్టు కనపడలేదు.

"రండి బావగారూ."

మిల్లీమీటరు గుడ్డలో చుట్టిన సిలిండరు బల్ల మీద పెట్టాడు. తమ్ముడు దాన్ని వెలుగులోకి తిప్పి చూశాడు.

"వేడికి పట్టేసింది. ఎంత ఖాళీ ఇచ్చారు?"

"అర పాయింటు."

తమ్ముడు నవ్వలేదు. డాక్టరు రోగిని చూసినట్టు ఒకసారి ఈయన్ని చూసి, సిలిండరుని పటకారుతో పట్టుకుని మంట మీద అటూ ఇటూ చకచకా తిప్పాడు. పిస్టను వేడెక్కేలోపల సిలిండరు వ్యాకోచించాలి, అదీ ఉపాయం. చెక్కముక్క ఆనించి ఒక్క తట్టు తట్టాడు. పిస్టను బయటికి వచ్చేసింది, ఒళ్ళంతా గీతలతో.

"ఆ నలభై షాఫ్టులూ..." అన్నాడు మిల్లీమీటరు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ అన్నాడు. "అవి సరైనవే. తప్పు నాది."

తమ్ముడు పటకారు మెల్లగా కింద పెట్టాడు. తర్వాత అన్నది మాత్రం మెల్లగా అనలేదు.

"నాకెందుకు చెబుతున్నావ్? నాకు తెలీదా సరైనవని? నేనే చేశాగా! ఆ రోజు నువ్వు నా చెవిలో అన్నావా తిరగ్గొట్టని? నలభైసార్లు, షాపంతా వినేట్టు అన్నావ్. ముప్ఫై మంది చూశారు. ఫోర్‌మన్ పోస్టు పోతే పోయింది బావా, దాని మొహం. పని చేతకానివాణ్ణి చేశావు నన్ను. ఆ ముప్ఫై మందికీ చెప్పు. నాకు చెప్పి నన్నేం చేసుకోమంటావ్?"

కోపంలో మీరు ఎగిరిపోయి నువ్వు వచ్చేసింది, గారు ఊడిపోయి వట్టి బావా మిగిలింది. ఇద్దరిలో ఒకరే అది గమనించారు. గమనించి ప్రాణం లేచొచ్చినట్టయింది గాని, పైకి కనపడనివ్వలేదు.

"ఆదివారం షాపువాళ్ళు మా ఇంటికొస్తున్నారు. నువ్వూ రా. నీ ముందే చెబుతాను."

"నేను రాను. నేనుంటే మొహమాటానికి చెప్పావనుకుంటారు. నేనూ అలాగే అనుకుంటాను. నేను లేనప్పుడు చెప్పు, అప్పుడు నమ్ముతా."

అని ఇటు తిరిగి, అరలోంచి ఒక ఇత్తడి కడ్డీ తీసి లేతుకి బిగించాడు. ఇరవై నిమిషాలు లేతు నడిచింది. ఇత్తడి రజను చిన్న చిన్న మెరుపులుగా రాలుతూ ఉంటే మిల్లీమీటరు చూస్తూ నిలబడ్డాడు. ముప్ఫై నాలుగేళ్ళు ఫ్యాక్టరీలో ఉండి, ఒక ముక్క మొదటినుంచి చివరిదాకా తయారవుతుంటే ఆయన ఎన్నడూ ఇలా నిలబడి చూడలేదు. తమ్ముడు రెండు పిస్టన్లూ చేసి, తుడిచి, ఈయన చేతిలో పెట్టాడు.

"కొలుచుకో. కొలవకపోతే నిద్రపట్టదు నీకు."

జేబులో మైక్రోమీటరు ఉండనే ఉంది. కొలిచాడు. "నాలుగు పాయింట్లు ఇచ్చావు. అంతెందుకు?"

"మూడు చాలు. నాలుగోది నీ గురించి. ఇంటికెళ్ళి నూనె మరీ చిక్కగా పోస్తావని."

ఆదివారం తొమ్మిది మంది వచ్చారు. డ్రిల్లింగ్ మిషన్ వేళాకోళం మనిషి, స్టోరు చూసే ఆయన, ఆనాడు ఫోర్‌మన్ అయిన మిల్లింగ్ మిషన్ ఆయన, మరికొందరు. వెనక వరండాలో రెండు బల్లలు కలిపి, గుండ్రంగా పట్టాలు పరిచి, వాటి మీద ఇంజను పెట్టి ఉంది. నల్లరంగు, ఎర్రచక్రాలు, ఇత్తడి గంట. చూడగానే అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. వేళాకోళం మనిషి మాత్రం ఇంటినుంచి మైక్రోమీటరు తెచ్చుకున్నాడు. పొగగొట్టానికి పెట్టి కిర్రు కిర్రుమనిపించి, గొంతు మార్చి "తిరగ్గొట్టు!" అన్నాడు. పొట్టలు పట్టుకుని నవ్వారు.

మిల్లీమీటరు నీళ్ళు పోసి దీపం వెలిగించాడు. ముల్లు పైకి లేవడానికి ఎనిమిది నిమిషాలు. ఈ ఎనిమిది రోజులూ అద్దం ముందు అనుకున్న మాటలు గుర్తు తెచ్చుకోబోయాడు, ఒక్కటీ రాలేదు. మూడు నిమిషాలు గడిచాయి. ముందు ఇంజను నడిపేస్తే? చప్పట్లు కొడతారు, మెచ్చుకుంటారు, ఆ ఊపులో తర్వాత ఎప్పుడో మాటవరసకి చెప్పెయ్యొచ్చు. అలా చెబితే ఎవరి చెవికీ ఎక్కదని ఆయనకు తెలుసు. తెలిసే ఆ ఆలోచన వచ్చింది. అయిదు నిమిషాలయ్యాయి. ఆవిడ టీ ట్రేతో గుమ్మంలోకి వచ్చి అక్కడే ఆగింది.

"ఒక మాట చెప్పాలి," అన్నాడాయన. "దీని పిస్టన్లు నేను చేసినవి కావు. నేను చేసినవి వేడికి పట్టేశాయి. ఇవి మా బావమరిది చేశాడు. పదకొండేళ్ళ కిందట వేడినీళ్ళ పంపులకి అతను నలభై షాఫ్టులు తీశాడు. అవి నలభయ్యీ సరైనవే. ఎందుకలా తీశాడో చెప్పబోతుంటే నేను విన్లేదు. మీ అందరి ముందూ తిరగ్గొట్టాను. తప్పు పని చేసింది అతను కాదు, నేను."

మొహాల మీద ఆశ్చర్యం కోసం చూశాడాయన. ఒక్క మొహంలోనూ లేదు. అందరూ నేల చూపులు చూస్తున్నారు.

"డ్రాయింగు ప్రకారం మళ్ళీ షాఫ్టులు చేసి పంపిన ఆ పంపుల్లో పదిహేడు వెనక్కొచ్చాయండీ," అన్నాడు స్టోరు ఆయన. "షాఫ్టులు పట్టేసి. నేనే దించుకున్నాను."

"నాకా పోస్టు ఇచ్చాక మూణ్ణెల్లకి తెలిసింది," అన్నాడు మిల్లింగ్ ఆయన, టీగ్లాసు కూడా లేని తన చేతుల్లోకి చూసుకుంటూ. "అతనింటికి వెళ్ళి చెప్పుకున్నాను. ఊరుకోవయ్యా, నీదేం తప్పన్నాడు."

"అంటే... అందరికీ తెలుసా?"

"మీకూ తెలుసనుకున్నాం," అని నీళ్ళు నమిలాడు స్టోరు ఆయన.

"అబద్ధం," అన్నాడు వేళాకోళం మనిషి. ఈసారి అతని గొంతులో వేళాకోళం లేదు. "మీకు తెలీదని మాకు తెలుసు. చెప్పలేదంతే. మీ బల్ల దగ్గర రెండు మాటలకే కదండీ చోటు. మూడోది చెప్పడానికి ఎవరొస్తారు?"

మిల్లీమీటరు తల ఊపాడు. బావమరిది పరువు షాపులో ఎప్పుడో తిరిగొచ్చేసిందన్నమాట. పరువు పోయినవాడు ఇంకొకడు. ఇన్నేళ్ళూ ముప్ఫై మంది తన చుట్టూ తిరుగుతూ, నమస్కారాలు పెడుతూ, ఆ సంగతి తనకు తెలియనివ్వలేదు. వాళ్ళ మీద కోపం తెచ్చుకుందామని చూశాడు గాని, రాలేదు.

ఇంతలో బాయిలరు నెత్తిన సేఫ్టీ వాల్వు బుస్సుమంది. "తిప్పండి, తిప్పండి!" అని నలుగురైదుగురు ఒక్కసారే అరిచారు, అరవడానికి ఏదో దొరికినందుకు సంతోషంగా. ఆయన వాల్వు తిప్పాడు. ఇంజను ఒకసారి వణికి, చక్ చక్‌మంటూ బయల్దేరింది. అయిదో చుట్టు దాటింది, పదో చుట్టు దాటింది. వేళాకోళం మనిషి ఈలవేసి చప్పట్లు కొట్టాడు. మిల్లింగ్ ఆయన బల్ల పక్కనే పరుగెత్తాడు, ఈ వయసులో.

ఆవిడ ట్రే గట్టు మీద పెట్టేసి లోపలికి వెళ్ళి, ఫోను తీసి తమ్ముడికి చేసింది.

"చెప్పాడ్రా," అంది. "అందరి ముందూ చెప్పాడు. మా బావమరిది అని మరీ చెప్పాడు."

అవతల నడుస్తున్న లేతు ఆగింది.

"ఇంజను నడిచిందా అక్కా?"

"ఏమోరా, నేనది చూళ్ళేదు," అంది ఆవిడ, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "మీ బావ మొహమే చూస్తూ నిలబడ్డాను. నువ్వొచ్చి చూసుకో."